కాలేజీ హాస్టల్‌కు వెళ్లేలోపు పిల్లలకు ఇంట్లో ఏమేం నేర్పాలి, ఎలా నేర్పాలి?

‘వాడికి హాస్టల్ కొత్తేమీ కాదండీ, ఇంటర్ రెండేళ్లూ అక్కడే ఉన్నాడు’ అనే మాట ఏటా జూన్‌లో ఎవరో ఒకరి నోట వింటాను. మా పెద్దవాడి విషయంలో నేనూ అలాగే అనుకున్నాను. ఇంటర్ హాస్టల్లో తెల్లవారకముందే తలుపు తట్టి లేపేవాళ్లు ఉంటారు. మాసిన బట్టలు మూటగట్టి ఇస్తే ఉతికి వస్తాయి. ఏ గంటకు ఏ పుస్తకం తీయాలో గోడ మీద రాసి ఉంటుంది. చేతిలో ఫోనూ ఉండదు, డబ్బూ ఉండదు. పిల్లలు ఇంటికి దూరంగా ఉన్నారన్న మాటే గానీ, తమ పని తాము చేసుకునే అవసరమే రాలేదు. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి వారంలోనే ఆ సంగతి బయటపడింది. కొత్త ఎర్ర తువ్వాలును తెల్ల చొక్కాలతో కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఫొటో పంపాడు మావాడు. నాలుగు చొక్కాలూ గులాబీ రంగులో ఉన్నాయి.

ప్రవేశ పరీక్షలు మేలో దాదాపు అయిపోతాయి. కౌన్సెలింగ్ ముగిసి తరగతులు మొదలయ్యేసరికి జులై నెలాఖరో, ఆగస్టో అవుతుంది. ఈలోగా దొరికే రెండు నెలలే మనకున్న గడువు. రెండేళ్లు నిద్ర చాలని పిల్లలు కాబట్టి మొదటి పది రోజులు కడుపునిండా పడుకోనివ్వండి. పదకొండో రోజు నుంచి మొదలుపెట్టండి.

1. ముందు మీరు మానాల్సినవి మానండి

పొద్దున లేపడం మానండి. ఏడింటికి ఎక్కడికైనా వెళ్లాల్సి ఉంటే అలారం వాళ్లే పెట్టుకోవాలి. లేవకపోతే ఆ రోజు ఆ పని తప్పిపోతుంది, తప్పిపోనివ్వండి. చాలా కాలేజీల్లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. అక్కడ తలుపు తట్టేవాళ్లు ఉండరు. తిన్న కంచం తీయడం, మంచం మీద దుప్పటి మడవడం కూడా ఇందులోకే వస్తాయి. అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. పిల్లలకు కాదు, మనకు.

2. బకెట్ ముందు కూర్చోబెట్టండి

వాషింగ్ మెషీన్ వాడటం పది నిమిషాల్లో వస్తుంది. చేత్తో ఉతకడమే నేర్పాలి. రంగు బట్టలు, తెల్లవి విడివిడిగా వేయాలి. కొత్త బట్ట రంగు దిగుతుందో లేదో తెలియాలంటే ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడాలి. బకెట్ నీళ్లలో ముందు సబ్బు పొడి కలిపి, ఆ తర్వాత బట్టలు వేయాలి. అరగంట నానితే చాలు. మెడపట్టీ, చేతుల అంచులు, సాక్సుల మడమలు మాత్రం రుద్దాలి. లోదుస్తులు ఏ రోజువి ఆ రోజే స్నానం చేసేటప్పుడు ఉతుక్కునే అలవాటు చేయండి. వానాకాలంలో తడి బట్టలు గదిలో ఆరేస్తే ముక్క వాసన వస్తుందనీ, ఫ్యాను కింద ఎడంగా వేయాలనీ చెప్పండి. ఇస్త్రీ సంగతి వదిలేయండి, ఎలాగూ చేయరు.

3. నాలుగు వంటలు చాలు

హాస్టల్లో మెస్ ఉంటుంది, గదిలో స్టవ్ పెట్టనివ్వరు. అయినా రెండో ఏడో మూడో ఏడో నలుగురు కలిసి బయట గది తీసుకునే రోజు వస్తుంది. అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర, ఉప్మా వస్తే బతికేస్తారు. బియ్యం కడిగి, వాటి మీద చూపుడు వేలు ఆనించి మొదటి కణుపు దాకా నీళ్లు పోయడం చూపించండి. కుక్కర్ మూత తీసేముందు ఆవిరి పూర్తిగా పోయిందో లేదో ఎలా తెలుస్తుందో వాళ్ల చేతే చెప్పించండి.

ఇక్కడ ఒక మాట. మన ఇళ్లలో అమ్మాయికి అన్నం వండటం నేర్పుతాం, బ్యాంకు పని నేర్పం. అబ్బాయికి దీన్ని తిరగేసి చేస్తాం. ఇద్దరికీ రెండూ కావాలి.

పచ్చడి పంపేటప్పుడు సీసా పైదాకా నింపకండి. పైన వేలెడు ఖాళీ వదిలి, మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, సీసాను పాత తువ్వాలులో చుట్టి, రెండు కవర్లలో వేయండి. ఇంత చేసినా నూనె కారుతుందనే అనుకుని సర్టిఫికెట్లున్న సంచిలో మాత్రం పెట్టకండి. తడి చెంచా పెట్టొద్దని మూత మీదే రాయండి. కందిపొడి, కరివేపాకు పొడి అయితే ఈ బాధే లేదు.

4. డబ్బు: వారం వారం ఇచ్చి చూడండి

నెల డబ్బు ఒక్కసారే చేతికి వస్తే 12వ తేదీకి అయిపోతుంది. జూన్‌లోనే వారానికింత అని ఇచ్చి, అందులోనే ఫోను రీఛార్జి, క్షవరం, బస్సు ఖర్చులు చూసుకోమనండి. మధ్యలో అయిపోతే వెంటనే పంపకండి. జూన్‌లో ఒకసారి చెయ్యి ఖాళీ అయితే ఏమీ మునిగిపోదు.

18 ఏళ్లు నిండగానే మైనర్ ఖాతాను మామూలు ఖాతాగా మార్చుకోవాలి. బ్యాంకు కొత్త సంతకం తీసుకుంటుంది. మీరు పక్కన కూర్చోండి, మాట్లాడేది మాత్రం వాళ్లే కావాలి.

మోసాల గురించి రెండే మాటలు గట్టిగా చెప్పండి. డబ్బు పంపడానికే తప్ప, అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కాల్సిన పని లేదు. ‘నీ ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం’ అని ఎవరైనా అంటే, అది సీనియర్ అయినా సరే, ఒప్పుకోకూడదు. దొంగ సొమ్ము ఆ ఖాతా గుండా పోతే పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు దగ్గరికే. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి.

5. కాగితాలు

పదో తరగతి, ఇంటర్ మార్కుల పత్రాలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ అన్నీ ఒక ఫైల్లో పెట్టించండి. స్కాన్ కాపీలు ఈమెయిల్‌లోనూ, మీ ఫోనులోనూ ఉండాలి. 15 ఏళ్లు దాటాక ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ ఇచ్చారో లేదో చూసుకోండి. ఇవ్వకపోతే సరిగ్గా చేరే రోజునే వేలిముద్ర పడదు.

6. ఒంటరిగా ఒక ప్రయాణం

కనీసం అమ్మమ్మ ఊరికైనా ఒక్కరినే పంపండి. రైలు టికెట్టు వాళ్లే తీసుకోవాలి. ఆర్ఏసీ వస్తే పక్క కింది బెర్తులో ఇద్దరు కూర్చుని వెళ్లవచ్చనీ, ఆన్‌లైన్లో తీసుకున్న వెయిటింగ్ లిస్టు టికెట్టు చార్టు నాటికి ఖాయం కాకపోతే దానంతటదే రద్దవుతుందనీ తెలియాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. అంటే కాలేజీలో చేరిన హడావిడిలోనే దసరా టికెట్టు గుర్తుంచుకోవాలి. మావాడు మరిచిపోయి, జనరల్ బోగీలో మరుగుదొడ్డి పక్కన నిలబడి వచ్చాడు. రెండో ఏడు ఎవరూ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు.

7. జ్వరం వస్తే

చిన్న డబ్బాలో థర్మామీటర్, పారాసిటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గాయాలకు పట్టీలు పెట్టండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగాలి. యాంటీబయాటిక్స్ సొంతంగా కొనకూడదు. రెండు రోజులైనా జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మీకు ఫోన్ చేసి చెప్పాలి. మందు పడకపోయే గుణం ఉంటే ఆ మందు పేరు వాళ్లకు కంఠతా రావాలి.

8. కూర్చుని మాట్లాడాల్సిన మాట

ర్యాగింగ్ నేరమని పిల్లలకు తెలుసు. చెబితే సీనియర్లు పగబడతారనే భయమే నోరు కట్టేస్తుంది. 1800-180-5522 జాతీయ హెల్ప్‌లైన్, ఎప్పుడైనా చేయవచ్చు. మనసు బాగోలేకపోతే 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ ఫోనులో మీ ముందే వేయించండి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇంటర్లో జిల్లా ర్యాంకు వచ్చిన పిల్లలు అక్కడ అందరూ ర్యాంకర్లే అయిన తరగతిలో కూర్చుంటారు. మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టు పోవడం కొత్త వింత కాదు. ‘ఫెయిలైనా ముందు మాకే చెప్పు, తిట్టం’ అని వెళ్లకముందే చెప్పండి. చెప్పాక నిజంగానే తిట్టకండి. ఒక్కసారి తిడితే రెండో కబురు మీదాకా రాదు.

9. సామాను, ఆ తర్వాత ఫోను

బకెట్, మగ్గు, పరుపు అక్కడే కొనండి. ఇంటి నుంచి రెండు దుప్పట్లు, మంచి తాళం కప్ప, జంక్షన్ బాక్సు, వారానికి సరిపడా బట్టలు చాలు. గదిలో దింపాక అల్మారా సర్దిపెట్టాలని చెయ్యి లాగుతుంది. సర్దకండి. గంటలో బయలుదేరండి.

ఫోన్ చేస్తే ‘తిన్నావా?’ అని అడిగితే ‘ఆఁ’ అని పెట్టేస్తారు. ‘ఇవాళ మెస్‌లో ఏం కూర?’ అని అడగండి. దాని మీద పావుగంట తిడతారు, ఆ తిట్ల మధ్యలో అసలు సంగతులు దొర్లుతాయి.

దసరాకు సంచి నిండా మాసిన బట్టలు వేసుకుని వస్తారు. బకెట్ పెరట్లో ఉందని చెప్పండి.