కాలువ గట్టున సాంఘిక శాస్త్రం

ఎనిమిదో తరగతి పిల్లల్ని 'సమాజం అంటే ఏమిటి' అనడిగితే పుస్తకంలో ఉన్నది అప్పజెప్తారు. 'మన కాలువ నీళ్లు ముందు ఎవరి చేలోకి పోతాయి' అనడిగితే మాత్రం వాదనకు దిగుతారు. ఆ వాదన చాలు, పాఠం మొదలైనట్టే. గోదావరి డెల్టాలో స్థానిక చరిత్ర చెప్పడానికి కాలువను మించిన పుస్తకం లేదు. ద్రాక్షారామం శాసనాల దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు.

ఈ పాఠానికి నాలుగు పీరియడ్లు, కాలువ గట్టున ఒక పూట నడక సరిపోతాయి. జట్టుకు ఐదుగురు. తీసుకునేది ఒక్క కాలువే. రెండు పెట్టుకుంటే ఏదీ పూర్తి కాదు.

మొదటి పీరియడ్ పటానికి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అక్కడి నుంచి ప్రధాన కాలువ, పిల్ల కాలువ, పంట బోదె, చేను, ఇలా మీ ఊరిదాకా గీయించండి. ఊరు ఎగువనుందా, శివారునుందా గుర్తు పెట్టించండి. దాదాపు ప్రతి జట్టూ మురుగు కాలువ మర్చిపోతుంది. నీళ్లు రావడం ఎంత ముఖ్యమో పోవడమూ అంతే. 'మురుగు కాలువ పక్కన ఎవరి ఇళ్లున్నాయి?' అని అడిగి, జవాబు మీరు చెప్పకుండా వదిలేయండి.

నడక నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగు కనబడుతుంది కానీ పరీక్షలు, ఎండ. మూడు కిలోమీటర్లు దాటొద్దు. పదిమందికి ఒక పెద్దమనిషి ఉండాలి. కాలువ నీటిని ఆపే లాకుల మీదికి, నాచు పట్టిన రేవు మెట్ల మీదికి ఎవర్నీ పోనివ్వకండి. తూము, లాకు, రేవు నోట్సులో గీసుకోవాలి. 1986 వరద గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్లు చూపిస్తే టేపుతో నేల నుంచి కొలిపించండి. ఇక్కడే ఒక తప్పు దొర్లుతుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులని విన్న పిల్లలు, గోడ మీద నాలుగడుగులే ఉందేమని లెక్క తప్పంటారు. అక్కడి అడుగులు ఆనకట్ట దగ్గరి కొలబద్దవి, మీ వీధి నేల నుంచి కొలిచినవి కావు. ఈ రెండూ పోల్చకూడదని నడకకు ముందే చెప్పేయాలి.

అసలు కష్టం మాట్లాడించడంలో ఉంది. 'పూర్వం ఎలా ఉండేదండీ?' అంటే 'ఆ రోజులే వేరు బాబూ' అని ఊరుకుంటారు. 'వరదలో పొయ్యి ఎక్కడ వెలిగించారు? గొడ్లను ఎక్కడ కట్టారు?' అనండి, గంట చెప్తారు. సంవత్సరాలు అడగొద్దు, గుర్తుండవు. 1986 వరదకు ముందా వెనకా, 1996 నవంబరు తుపానుకు ముందా వెనకా, యానాం వైపైతే 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోకముందా, అని అడగాలి. ఎవరైనా 'మా తాత రంగం వెళ్లాడు' అంటే పిల్లలు నాటకమనుకుంటారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. కూలి ధాన్యంగా ఇచ్చేవారా, ఎన్ని కుంచాలు అని అడిగించండి. ధాన్యం కొలిచే కుంచం ఊరూరికీ మారేది, కాబట్టి పాత కుంచం దొరికితే ధాన్యం పోసి తూకం వేయించండి.

ఒక్క ఆసామి ఇంటికే వెళ్లి వచ్చేస్తే అది ఊరి చరిత్ర కాదు. కౌలు రైతు, ఊడ్పులకెళ్లే ఆడమనిషి, వలకెళ్లేవాళ్లు, వీళ్లలో కనీసం ముగ్గురు ఉండాలి. బయల్దేరే ముందు ఒక నియమం పెట్టండి: అందరినీ 'మీరు', 'మామ్మగారూ', 'తాతగారూ' అనే పిలవాలి. ఇంట్లో విన్న అలవాటుతో, కొందరు పిల్లలు కూలిపేటలో డెబ్బయ్యేళ్ల మనిషిని 'నువ్వు' అనేస్తారు. అప్పుడే కసరకండి, ఆవిడ ముందు అసలొద్దు. తరగతికొచ్చాక బోర్డు మీద రెండు వరసలు గీసి, మన ఊళ్లో ఎవరిని గారు అంటాం, ఎవరిని అనం అని వాళ్లచేతే రాయించండి. పది పేజీల పాఠం కంటే ఇది లోతుగా దిగుతుంది. కులం పేరు ఎత్తి ఎవర్నీ, ముఖ్యంగా తరగతిలో పిల్లల్ని అడగొద్దు. 'మీ ఇంటి భూమి కాగితాలు తెండి' అన్న హోంవర్కు ఇంకా చెడ్డది. సెంటు భూమి లేనివాడు మర్నాడు బడికి రాడు.

చివరి పీరియడ్లో ఒకే వరద మీద విన్న మాటలు పక్కపక్కన పెట్టండి: చెప్పిందెవరు, ఇల్లు ఎక్కడ, నీళ్లు ఎన్నాళ్లున్నాయి. మెరక వీధివాళ్లు రెండ్రోజులంటారు, గోదావరి మధ్య లంకల్లో ఉండేవాళ్లు రెండు వారాలంటారు. అబద్ధం ఎవరిదని తేల్చొద్దు. ఇల్లు ఎక్కడుందో చూపించండి. అలాగే 'కాలువ కాటన్ దొర తవ్వించాడు' అని ఎవరో రాస్తారు. తవ్వినవాళ్ల పేర్లకు పక్క గడి ఉంచండి. అది నిండకపోతే అలాగే ఉండనివ్వండి.

రాసినది గోడపత్రికగా పెట్టే ముందు, చెప్పినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి చదివి వినిపించాలి. వద్దన్న మాట కొట్టేయాలి. వాళ్లు ఒప్పుకోకుండా పేరు, ఫోను నంబరు గోడపత్రిక మీద పెట్టొద్దు. 'ఊడ్పుల మామ్మగారు' అంటే చాలు.