సర్వే వార్త వస్తే ముందు చిన్నక్షరాలు చదవండి

పొద్దున్నే లీలామహల్ సర్కిల్‌లో టీ తాగుతూ పేపర్ తిరగేస్తుంటే ‘నూటికి డెబ్బై మంది మాట ఇదే’ అని పెద్దక్షరాల్లో కనబడుతుంది, పక్కనున్నాయన అప్పుడే పందేనికి రెడీ. మీరు మాత్రం ఆ డెబ్బైని పక్కన పెట్టి, వార్త చివర్లో ఏముందో వెతకండి: ఎంతమందిని అడిగారు, ఎక్కడ, ఎప్పుడు, ఖర్చెవరు పెట్టుకున్నారు. ఇవేవీ లేవా? పేజీ తిప్పేయండి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు, సర్వే కూడా అంతే. కానీ కలపని సాంబారులో గరిటె పైపైన ముంచితే నీళ్లే వస్తాయి కదా. అలిపిరి మెట్ల మీద నిలబడి, ఎక్కుతున్న వాళ్లను ‘నడిచి కొండెక్కడం ఇష్టమేనా’ అని అడిగారనుకోండి, దాదాపు అందరూ అవుననే అంటారు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయారు మరి! ఇంకో పదివేల మందిని అడిగినా ఆ తప్పు పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి మరీ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడంది, తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కే. పేర్లు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్న కలిగినవాళ్ల జాబితాల్లోంచి తీసుకున్నారు, అదీ సంగతి.

ఇక లెక్క. సరిగ్గా ఏరిన వెయ్యి మందైనా అటూ ఇటూ 3 శాతం తేడా మామూలే, 400 మందైతే 5. ఒకరికి 44, ఇంకొకరికి 42 అంటే ఎవరు ముందున్నారో సర్వే చెప్పలేదు, హెడ్డింగ్ పెట్టినాయన చెబుతున్నాడు. అదే వెయ్యి మందిలోంచి ‘చిత్తూరు యువత’ అని విడగొడితే ముప్పై మంది మిగులుతారేమో, అప్పుడు తేడా 18 దాకా పోతుంది.

ఎవరు అడిగారన్నది కూడా చూడండి. ఆఫీసు మనిషే ఇంటికొచ్చి ‘పథకం బాగుందా అమ్మా’ అంటే, రేషన్ కార్డు గుర్తొచ్చి బాగుందనే అంటాం.

10 శాతం 15 అయితే ‘50 శాతం పెరిగింది’ అని రాస్తారు. అబద్ధం కాదు, పెరిగింది మాత్రం నూటికి ఐదుగురే.

సీట్ల అంకెలైతే ఇంకా అనుమానించండి. 2024లో మన రాష్ట్రంలోనే వైసీపీకి 39 శాతం పైగా ఓట్లొచ్చినా అసెంబ్లీలో 175కి 11 సీట్లే దక్కాయి. ఓట్లు కాస్త అటూ ఇటూ అయితే సీట్లు ఎక్కడికో పోతాయి. అదే ఏడాది చాలా ఎగ్జిట్ పోల్స్ లోక్‌సభలో ఎన్డీయేకు 350 సీట్లు దాటించాయి, వచ్చినవి 293.

పందెం కాసే ఆయన్ని ‘ఎంతమందిని అడిగినారంటన్నా?’ అని ఒక్కసారి కదపండి, పేపర్ మళ్లీ మొదట్నుంచీ తిప్పుతాడు.