ఆటల్లో హాస్యం – 3వ పాఠం: మాట వినని చెయ్యి

గత పాఠంలో సంభాషణలతో పుట్టే హాస్యాన్ని పరిశీలించాం. ఈసారి ఒక్క మాట కూడా రాయకుండా, ఆటగాడి మౌస్ కదలికతోనే నవ్వు పుట్టించడం నేర్చుకుందాం. వీడియో గేమ్‌కు సొంతమైన హాస్యం ఇదేనని నా గట్టి నమ్మకం. సినిమాలో జారిపడేది ఇంకెవరో, ఆటలో జారిపడేది మనమే.

విద్యార్థులు ముందుగా చూడవలసిన ఆట ‘ఆక్టోడాడ్’. షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దీన్ని రూపొందించి 2010లో ఉచితంగా విడుదల చేశారు. వారిలో కొందరు యంగ్ హార్సెస్ సంస్థను స్థాపించి, 2014లో రెండో ఆటను తెచ్చారు. కోటు తొడుక్కొని, మనిషిలా నటిస్తూ, భార్యాపిల్లలతో కాపురం చేస్తున్న ఆక్టోపస్ ఇందులో కథానాయకుడు. చేయవలసినవి చాలావరకు మామూలు ఇంటిపనులే. అయితే కాళ్లను, చేతిని విడివిడిగా కదపాలి. ఎముకల్లేని ఆ అవయవాలు దారిలోని వస్తువులను ఈడ్చుకుపోతుంటే చూసేవాళ్లకు అనుమానం పెరుగుతుంది. గుట్టు బయటపడకూడదన్న తాపత్రయమే లేకుంటే ఆ తడబాటుకు నవ్వు రాదు.

ఇక అభ్యాసం. ఒక బల్ల, దానిమీద కాఫీ కప్పు, నీళ్ల జగ్గు, ఎదురుగా ఒక అతిథి; కప్పును అతిథి ముందుకు చేర్చడమే ఆట. చేతిని మూడు ముక్కలుగా చేసి జాయింట్లతో కలపండి, చివరి ముక్కను మౌస్ గురివైపు, అంటే తెరమీద మౌస్ చూపే చోటువైపు, లాగే స్ప్రింగ్‌ను అమర్చండి. స్ప్రింగ్ మరీ బిగువైతే చెయ్యి బుద్ధిగా పనిచేసి హాస్యం పోతుంది; మరీ వదులైతే ఆటగాడికి కోపం వస్తుంది. మౌస్ కదిపిన క్షణంలోనే చెయ్యి కదలాలి, కాని డ్యాంపింగ్ (ఊగడాన్ని అణచే నిరోధం) తక్కువగా ఉండడంవల్ల గురి దాటి ఊగాలి. అప్పుడే ఆటగాడు తన ఉద్దేశం సరైనదేనని, చెయ్యే మాట వినలేదని అనుకుంటాడు. కప్పు కింద పడితే వెంటనే మరో కప్పు ప్రత్యక్షం కావాలి, ఎందుకంటే మళ్లీ మొదలుపెట్టడానికి నిరీక్షించేవాడు నవ్వడు.

అతిథిచేత ఏమీ అనిపించకండి. జగ్గు పడినప్పుడు అతను తల తిప్పి దాన్ని చూసి, తిరిగి ఆటగాడివైపు చూస్తే చాలు.

పూర్తయ్యాక ఇద్దరు మిత్రులచేత ఏమీ వివరించకుండా ఆడించి, ఎక్కడ నవ్వారో, ఏ ప్రయత్నం నుంచి నవ్వడం మానేశారో రాసుకోండి. అతిథి చూపు ఎంతసేపు నిలవాలన్నది వచ్చే పాఠంలో ఆ కాగితం ముందుంచుకొనే సవరిద్దాం.