విజయనగరంలోని పాత మేడను కార్యాలయంగా మలచుకోవడం ఎలా?

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల వీధుల్లో దుకాణాల బోర్డులకు పైన కాస్త తలెత్తి చూస్తే, గానుగ సున్నంతో కట్టిన పాత మేడలు ఇప్పటికీ కనిపిస్తాయి. మందపాటి గోడలు, టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన కప్పు (దీన్నే మద్రాసు టెర్రస్ అంటారు), నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువా ఉన్న అలాంటి ఇంటిని పడగొట్టకుండా, ఓ ఇరవై మంది పనిచేసుకునే ఆఫీసుగా మార్చదలచినవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందు కాగితాలు. నివాసాన్ని వాణిజ్య వినియోగానికి మార్చడానికి నగరపాలక సంస్థ అనుమతి కావాలి. శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం, శాలిహుండం వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత స్థలాల దగ్గర ఇల్లయితే, 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధమనీ, ఆపైన మరో 200 మీటర్ల వరకు ముందస్తు అనుమతి తప్పనిసరి అనీ గుర్తుంచుకోవాలి.

అనుమతుల కోసం తిరుగుతూనే, వీలైతే జూన్ నుంచి తుపాన్ల నెల అక్టోబరు దాకా ఇంటిని ఉన్నదున్నట్టుగా గమనించండి. నీరు ఏ మూల కారుతోంది, చెమ్మ గోడ మీద ఎంత ఎత్తుకు ఎక్కుతోంది అన్నది బొగ్గుతో గీత గీసి తేదీ రాసుకుంటే, ఆ తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయానికీ అది ఆధారమవుతుంది.

పాత గోడకు అన్నిటికన్నా పెద్ద శత్రువు సిమెంటు పూత. సున్నపు గోడ నేలలోని తేమను పీల్చుకుని, తిరిగి గాలిలోకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే ఆ తేమ బయటికి వచ్చే దారిలేక లోపలే నిలిచి, లవణాలతో కలిసి ఇటుకనే పిండి చేస్తుంది. నేనే ఒకసారి తొందరపడి ఒక ముందుగదికి సిమెంటు పూత వేయించాను. రెండో వర్షాకాలానికి పెచ్చులు ఊడడమే కాక, వాటి వెంట వందేళ్ల ఇటుక కూడా రాలిపోవడం చూసి ఎంతో బాధపడ్డాను. అందుకే ఉన్న సిమెంటును ఉలితో నెమ్మదిగా తీయించి, ఫిబ్రవరి నుంచి మే వరకు గోడను ఆరనివ్వండి. ఈలోగా సున్నాన్ని గోతిలో నానబెట్టి కనీసం మూడు వారాలు మగ్గనివ్వాలి. ఒక పాలు సున్నానికి ఇసుక, ఇటుక పొడి కలిపి మూడు పాళ్లు అనే లెక్కతో మొదలుపెట్టి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లతో గానుగ పట్టించి, ముందు గజం మేర వేసి చూడండి. పగుళ్లు కనిపిస్తే పాళ్లు మార్చుకోవచ్చు. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు, రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. పైన ప్లాస్టిక్ రంగులు వద్దు, వెల్ల వేయండి. ఈ పని తెలిసిన తాపీ మేస్త్రీలు తక్కువమందే మిగిలారు కనుక, మేస్త్రీ దొరికాకే తేదీలు ఖరారు చేసుకోవడం మంచిది.

మద్రాసు టెర్రస్‌లో దూలాల మీద ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేరుస్తారు. దూలం ముందుగా పుచ్చేది గోడలో దూరిన కొసల దగ్గరే కాబట్టి, ప్రతి కొసనూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం నివాస గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కిస్తే, ఆఫీసు గదికి 250 నుంచి 400 కిలోల వరకు లెక్కించాలి. కనుక స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా మేడ మీద బల్లలు వేయకండి. ఫైళ్ల బీరువాలు, బ్యాటరీలు కింది అంతస్తులోనే ఉంచండి.

చల్లదనం విషయంలో పాత ఇల్లే మనకు సగం పని చేసిపెడుతుంది. ఎత్తయిన కప్పు కిందా, మండువా చుట్టూ వేడిగాలి పైకి పోయే దారిని ఫాల్స్ సీలింగుతోనో, రేకులతోనో మూసేయడం నా దృష్టిలో క్షమించరాని తప్పు. వాన జల్లు ఇబ్బంది పెడితే, చూరుకు అడుగున్నర ఎత్తున, నాలుగు వైపులా గాలి ఆడేలా అద్దాల కప్పు వేయించండి. ఏసీ సమావేశ గదికీ, సర్వర్ గదికీ చాలు. మిగిలిన చోట్ల 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెట్టుకోవచ్చు. 2014లో హుద్‌హుద్ తుపాను గాలులు చూసిన ప్రాంతం మనది. సోలార్ పలకలను పాత టెర్రస్‌కు బిగించకుండా, పెరట్లో విడిగా ఇనుప చట్రం కట్టి దాని మీద అమర్చాలి. మరుగుదొడ్లను కూడా ఆ చట్రం కిందే కొత్తగా కడితే, పాత గోడలకు నీటి పైపుల చెమ్మ అంటదు.

వంద చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీరు వస్తుంది. పెరటి నుయ్యి బాగుంటే, ఆ నీటిని వడకట్టి అందులోకే మళ్లించండి. కరెంటు తీగల కోసం గోడలు చెక్కించవద్దు. గోడ మీదుగా గొట్టాల్లో తీసుకెళ్తే, రేపు మార్చవలసి వచ్చినా సున్నం చెదరదు.