లండన్ నుంచి ఇస్తాంబుల్: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టే పద్ధతి

ముందు ఏ ఎయిర్‌పోర్టు నుంచి ఏ ఎయిర్‌పోర్టుకో తేల్చుకోండి, ఊరి పేర్లతో లెక్క కుదరదు. లండన్‌లో హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో ఐఎస్‌టీ కోడ్ ఉన్న పెద్ద ఎయిర్‌పోర్టు యూరప్ వైపు, సబీహా గోక్చెన్ (ఎస్‌ఏడబ్ల్యూ) ఆసియా వైపు. టికెట్ చౌకగా కనిపిస్తే ముందు ఈ కోడ్ చూడాలి.

గ్రేట్ సర్కిల్ దూరం చూపే ఏ సైట్‌లోనైనా ఎల్‌హెచ్‌ఆర్ (హీత్రో), ఐఎస్‌టీ కోడ్‌లు కొడితే దాదాపు 2,490 కిలోమీటర్లు వస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే దారి అది. ఒక చోట 1,547, ఇంకోచోట 1,344 కనిపిస్తే కంగారు పడొద్దు: మొదటిది మామూలు మైళ్లు, రెండోది నాటికల్ మైళ్లు (ఒకటి 1.852 కి.మీ.). విమానం నిజంగా ఎగిరేది ఇంతకంటే కాస్త ఎక్కువే.

సమయానికి ఒక మోటు లెక్క ఉంది. కిలోమీటర్ల దూరాన్ని 800తో భాగించి, విమానం నేల మీద కదలడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి 40 నిమిషాలు కలపండి. 2,490ని 800తో భాగిస్తే 3 గంటల 7 నిమిషాలు, మొత్తం 3 గంటల 47 నిమిషాలు. ఆలస్యానికి కొంత వెసులుబాటు ఉంచుకుని ఎయిర్‌లైన్స్ నాలుగు గంటల దాకా వేస్తాయి. పై ఎత్తుల్లో గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి మరో 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

చాలామంది తప్పేది గడియారం దగ్గర. టికెట్ మీద రెండు టైములూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. తుర్కియే (టర్కీ) 2016 నుంచి గడియారం మార్చడం మానేసింది, ఏడాదంతా యూటీసీ+3, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం కంటే 3 గంటలు ముందు. బ్రిటన్ మాత్రం మార్చి చివరి ఆదివారం గంట ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతుంది. అందుకే తేడా చలికాలంలో 3 గంటలు, వేసవిలో 2. జనవరిలో ఉదయం 11:00కు బయలుదేరి సాయంత్రం 6:00కు దిగితే 7 లోంచి 3 తీసేయాలి, నాలుగు గంటలు. వచ్చేటప్పుడు కలపాలి: మధ్యాహ్నం 1:00కు ఎక్కి 2:15కు దిగితే గంటంపావుకు 3 కలిపి నాలుగుంపావు. పాత టికెట్ చూసి "తేడా రెండే కదా" అనుకుంటే ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు గంట తేడాతో వస్తారు.

ఇంటి నుంచి హోటల్ దాకా లెక్క వేరు. నగరం నడుమ నుంచి హీత్రోకు గంట, ఎయిర్‌పోర్టులో రెండు గంటలు, విమానం నాలుగు, పాస్‌పోర్ట్ వరసకూ సామానుకూ ఒకటి, ఎం11 మెట్రోలో గైరెత్తెపె స్టేషన్ మీదుగా ఊళ్లోకి మరొకటి, వెరసి తొమ్మిది గంటలు. సబీహాలో దిగి యూరప్ వైపు బస చేసేవాళ్లు రెండు వైపులనూ విడదీసే బాస్ఫరస్ జలసంధి వంతెన మీద సాయంత్రం ట్రాఫిక్‌కు ఇంకో గంట వేసుకోవాలి.