వైఫై యాక్సెస్ పాయింట్: భద్రత, ఛానెల్ అమరిక

నల్లగొండ గడియారం సెంటర్ వంటి దుకాణాలు కిక్కిరిసిన చోట కొత్త యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ పంచే పెట్టె) పెట్టేవారు ముందుగా దాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, పెట్టె అడుగున అతికించిన చీటీపై ఉన్న చిరునామాను బ్రౌజర్‌లో టైపు చేసి, సెట్టింగుల పేజీ తెరవాలి. అక్కడ మొదట మార్చవలసింది అడ్మిన్ పాస్‌వర్డ్. ఆ వెంటనే ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి.

భద్రత కోసం వైఫై రక్షణ పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి. పాత ఫోన్లు, ప్రింటర్లు దానికి కలవకపోతే ఏఈఎస్ అనే గుప్తీకరణతో కూడిన, దానికి ముందుతరం డబ్ల్యూపీఏ2 సరిపోతుంది. సులువుగా ఛేదించగలిగే పాత పద్ధతి డబ్ల్యూఈపీ జోలికి మాత్రం వెళ్లకూడదు. పాస్‌వర్డ్‌కు కనీస పరిమితి 8 అక్షరాలే అయినా, సంబంధంలేని నాలుగైదు మాటలు కలిపి 20 అక్షరాలు దాటేలా పెట్టాలి. బటన్ నొక్కి లేదా పిన్‌తో పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయాలి. దుకాణానికి వచ్చేవారికి వైఫై ఇవ్వదలిస్తే, బిల్లింగ్ కంప్యూటర్ జోలికి రాని విధంగా వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఛానెల్ (సిగ్నల్ నడిచే తరంగాల దారి) ఎంపికకు కొంత ఓపిక కావాలి. వైఫై వాడే తరంగ శ్రేణుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు ఒకదానిపై ఒకటి పడవు. పక్క దుకాణం 6లో ఉందని 7 లేదా 8 ఎంచుకుంటే ఇబ్బంది పెరుగుతుంది. ఎందుకంటే ఒకే ఛానెల్‌లోని పరికరాలు వంతులవారీగా మాట్లాడుకుంటాయి, పక్క ఛానెల్‌లోనివి మాత్రం ఒకదానికొకటి రొదగా మారతాయి. కాబట్టి ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌తో సాయంత్రం రద్దీ వేళ పరిశీలించి, ఆ మూడింటిలో ఇరుగుపొరుగు సిగ్నళ్లు బలహీనంగా ఉన్నదాన్ని ఎంచుకుని, ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ వద్దే ఉంచాలి.

మరో శ్రేణి అయిన 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 వరకు ఉన్న ఛానెళ్లు అనువైనవి. అయితే పాలమూరు పల్లెల్లోని మందపాటి రాతి గోడలను ఆ సిగ్నల్ సరిగా దాటలేదు కనుక, అటువంటి ఇళ్లలో 2.4ను కూడా ఆన్‌లోనే ఉంచాలి.