బొంత బ్లాకులు నేర్చుకుందాం – 3వ పాఠం: మొనలు తెగని నక్షత్రం

పోయిన రెండు పాఠాల్లో బట్ట ఎంచుకోవడం, రంగు దిగకుండా ఉతుక్కోవడం, రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడుతో బట్ట కోసే కత్తి) పట్టుకోవడం అయిపోయాయి కదా, ఇవాళ అసలు పనిలోకి దిగుదాం. సాటూత్ స్టార్ అనే బ్లాకు, అంటే చిన్న ముక్కలు కలిపి చేసే ఒక చదరం, కుడతాం. మధ్యలో ఒక చదరం, దాని చుట్టూ ఎనిమిది మొనలు, నాలుగు మూలల్లో నాలుగు చిన్న చదరాలు, అంతే. అమెరికాలో తరాలుగా కుడుతూ వస్తున్న బ్లాకు ఇది. చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది గానీ కొలత ఎక్కడ జారినా మొన కొస తెగిపోయి వెంటనే కనపడిపోతుంది, అందుకే చెయ్యి కుదురుకోడానికి దీన్ని మించిన బ్లాకు లేదంటాను.

మన ఇళ్ళల్లో బొంత కుట్టేవాళ్ళు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ముక్కలు పైన సర్దుకుంటూ చేత్తో దారం వేసుకుంటూ పోతారు, ఒక ముక్క కాస్త అటో ఇటో అయితే పక్క ముక్కని జరుపుకుంటారు, అందులో ఆ వెసులుబాటు ఉంది. ఇక్కడ అలా కుదరదండి. ఒక్కో బ్లాకు విడిగా కుట్టి, అన్నిటినీ ఒకే కొలతకి తెచ్చి, ఆఖర్న కలుపుతాం. ఒక్కో కుట్టు దగ్గర ఇంచులో 1/16 వంతు ఎక్కువ లోపలికి పోయిందనుకోండి, కుట్టుకి రెండు పక్కలా బట్ట ఉంది కాబట్టి 1/8 పోయినట్టు. బ్లాకులో అడ్డంగా రెండు కుట్లుంటే పావు ఇంచు తగ్గింది. అలాంటి బ్లాకులు ఎనిమిది ఒక వరసలో పెడితే రెండు ఇంచులు! కింద వరసలో కుట్లు లేని సాదా బ్లాకులు పెట్టారనుకోండి, అవి తగ్గవు, అప్పుడు ఆ రెండు వరసల్నీ కలపడం ఎవరి వల్లా కాదు, లాగి కుడితే బొంత అలలు అలలుగా లేస్తుంది.

అందుకే బ్లాకు కంటే ముందు మిషను సంగతి చూద్దాం. దయచేసి ఈ పరీక్ష దాటెయ్యకండి.

మూడు పట్టీలు కత్తిరించండి, ఒక్కోటీ ఒకటిన్నర ఇంచు వెడల్పు, ఓ ఆరు ఇంచులు పొడవు. పావు ఇంచు కుట్టుతో, అంటే బట్ట అంచుకి పావు ఇంచు లోపలగా కుట్టు వేసి, మూడూ పక్కపక్కన కలపండి, ఇస్త్రీ చెయ్యండి, చల్లారాక మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా ఒక ఇంచు రావాలి, మొత్తం వెడల్పు మూడున్నర. మధ్య పట్టీ ఇంచు కంటే తక్కువ వచ్చిందంటే మీ కుట్టు లావుగా పడుతోంది, అంటే అంచు దగ్గర బట్ట ఎక్కువ పోతోంది, ఎక్కువ వస్తే సన్నగా పడుతోంది. చాలామందికి తక్కువే వస్తుంది, స్కేలు పెట్టి కొలిస్తే కుట్టు మాత్రం పక్కాగా పావు ఇంచు మీదే ఉంటుంది, మరి బట్ట ఎక్కడికి పోయిందీ అంటే మడతలోకి. కుట్టు దగ్గర బట్ట వెనక్కి మడత పడుతుంది కదా, ఆ మడత మందానికి ఒకటీ రెండు పోగుల వెడల్పు ఖర్చవుతుంది. కాబట్టి కుట్టు పావు ఇంచుకి ఒక పోగో రెండు పోగులో తక్కువగా పడాలి. స్కేలు మీద కుట్టు ఎంతుందన్నది నాకు ముఖ్యం కాదు, కుట్టి ఇస్త్రీ చేశాక ముక్క ఎంత మిగిలిందన్నదే లెక్క. ఈ పాఠం మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

ఆ కుట్టు ప్రతిసారీ అక్కడే పడాలంటే బట్ట అంచు ఆనుకోడానికి మిషను మీద ఒక గోడ కావాలి. బట్టని నొక్కి పట్టే పాదం లాంటి భాగాన్ని ఫుట్ అంటారు, అందులో పావు ఇంచు ఫుట్ అని విడిగా అమ్ముతారు, జిగ్‌జాగ్ మిషన్లకి, అంటే వంకర కుట్టు కూడా వేసేవాటికి, చాలావాటికి దొరుకుతుంది, కొనగలిగితే కొనుక్కోండి, మంచిదే. అది లేకపోతే పనాగదు. స్కేలుని సూది కింద పెట్టి, చేత్తో చక్రం తిప్పుతూ సూది మొన పావు ఇంచు గీత మీద వాలేలా దించండి, స్కేలు నిటారుగా ఉందో లేదో చూసుకుని దాని కుడి అంచు వెంబడి పాత ఏటీఎం కార్డు ముక్కో, నాలుగైదు పొరలు వేసిన టేపో అతికించండి, సూదికి ముందు కనీసం రెండు ఇంచుల పొడవుండేలా. టేపు బట్టని ముందుకు లాగే పళ్ళ మీద పడకూడదు. మళ్ళీ మూడు పట్టీల పరీక్ష చేసి, వెంట్రుకవాసి ఇటో అటో జరిపి, మధ్య పట్టీ ఇంచు వచ్చేదాకా వదలకండి.

ఇంట్లో అమ్మదో అత్తయ్యదో నల్ల కాలి మిషను ఉంటే, అయ్యో నాకు కొత్త మిషను లేదే అనుకోకండి, ఈ పనికి అది చాలా బాగుంటుంది. అది తిన్నటి కుట్టు ఒక్కటే వేస్తుంది కాబట్టి ప్లేటులో సూది దిగే కన్నం చిన్న చుక్కంత ఉంటుంది, బట్ట మూలని లోపలికి లాక్కోదు. జిగ్‌జాగ్ ప్లేటు కన్నం వెడల్పు, త్రిభుజం కొసలు అందులోకి దిగిపోయి ముద్దవుతాయి. అలాంటి మిషను మీదైతే ముందు ఒక పనికిరాని ముక్క మీద కుట్టు మొదలుపెట్టి, దారం తెంపకుండా అలాగే అసలు ముక్క మీదకి వెళ్ళండి. సూది 11 నంబరు పెట్టుకోండి, మన మిషన్లలో మామూలుగా ఉండే 16 నంబరు సూది పల్చటి కాటన్‌కి మరీ లావు. కుట్టు ఇంచుకి 11, 12 పడేలా, ఓ చిత్తు ముక్క మీద వేసి లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు గంజి. ఇది నేను వదలమన్నా వదలను. త్రిభుజం అంటే ఒక అంచు తప్పకుండా క్రాస్‌లో, అంటే బట్ట పోగులకి ఐమూలగా, వస్తుంది, జాకెట్లు కుట్టేవాళ్ళకి తెలుసు క్రాస్ బట్ట ఎంత సాగుతుందో, జాకెట్టుకి ఆ సాగుడు కావాలి, మనకి అదే శత్రువు. ముఖ్యంగా మంగళగిరి కాటన్ లాంటి చేనేత బట్ట, పెడన కలంకారీ ముక్కలు ఉతికాక మెత్తబడి చేతిలో జారిపోతుంటాయి. కత్తిరించక ముందే బట్టకి చిక్కటి గంజి పెట్టండి, ఇంట్లో వార్చిన గంజి వడకట్టి వాడొచ్చు, రివైవ్ లాంటి పొడి కలుపుకున్నా సరే, అమెరికాలో ఉన్నవాళ్ళకి స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. ఆరాక కొంచెం తడి చల్లి ఇస్త్రీ చేస్తే ముక్క దళసరి కాయితంలా నిలబడాలి. అన్నీ కత్తిరించాక గంజి పెడితే లాభం లేదు, తడికి ముక్కల కొలతే మారిపోతుంది.

ఇక కొలతలు. బొంతలో కలిపేశాక బ్లాకు 8 ఇంచులు, అంటే విడిగా ఉన్నప్పుడు చుట్టూ కుట్టుకి వదిలిన బట్టతో కలిపి ఎనిమిదిన్నర. నక్షత్రం రంగులో మధ్య చదరం ఒకటి నాలుగున్నర ఇంచులది, మొనలకి నాలుగు చదరాలు ఒక్కోటీ 3 ఇంచులు. వెనక రంగులో మూలలకి నాలుగు చదరాలు రెండున్నర ఇంచులవి, ఇంకా ఒక పెద్ద చదరం ఐదున్నర ఇంచులది. లెక్క ప్రకారమైతే పెద్దది 5 1/4, మొనల చదరాలు 2 7/8 సరిపోతాయి, పుస్తకాల్లో ఎక్కువగా అవే ఉంటాయి. నేను కావాలనే కాస్త పెద్దవి చెప్తున్నా, కుట్టాక చుట్టూ చెక్కి కొలతకి తెచ్చుకోవచ్చు, కొత్తవాళ్ళకి అది ఎంత ధైర్యమో చేశాక మీకే తెలుస్తుంది.

కత్తిరించేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే స్కేలు వాడండి. టైలర్ టేపు వద్దు, వాడిన కొద్దీ సాగుతుంది. స్కేలు మీద గీతకి కూడా మందం ఉంటుంది, బట్ట అంచు ఆ గీత కిందకి పూర్తిగా వెళ్ళాలా పక్కన ఆగాలా అన్నది ఒకటి అనుకుని అన్ని ముక్కలకీ అదే పాటించండి. కట్టర్, దాని కింద పరిచే మ్యాట్ లేనివాళ్ళు పాత ఎక్స్‌రే షీటు మీద చదరాలు గీసి కత్తిరించి అచ్చులుగా వాడండి, గీత సన్నటి పెన్సిల్‌తో గియ్యండి, సుద్ద ముక్కతో గీస్తే గీతే 1/16 ఇంచు ఉంటుంది. కత్తెర గీత లోపలి అంచు వెంట నడవాలి.

ఇప్పుడు మొనలున్న ముక్కలు, వీటిని ఫ్లయింగ్ గీస్ అంటారు, మధ్యలో పెద్ద త్రిభుజం, అటూ ఇటూ రెండు చిన్నవి. నాలుగూ ఒకేసారి వచ్చే పద్ధతి ఇది. పెద్ద చదరాన్ని మంచి వైపు పైకి పెట్టండి. ఎదురెదురు మూలల్లో రెండు చిన్న చదరాలు బోర్లా పెట్టండి, మధ్యలో వాటి కొసలు కొద్దిగా ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి, ఎక్కనివ్వండి. ఐమూలగా రెండిటి మీదుగా ఒకే పెన్సిల్ గీత గీసి, ఆ గీతకి అటు పావు ఇంచు, ఇటు పావు ఇంచు కుట్టండి. గీత మీద కోసేస్తే రెండు ముక్కలొస్తాయి. చిన్న త్రిభుజాల్ని బయటికి తెరిచి ఇస్త్రీ చేస్తే ముక్క ఇంచుమించు లవ్ గుర్తు ఆకారంలో ఉంటుంది. ఒక్కో దానికీ మిగిలిన మూల మీద ఇంకో చిన్న చదరం బోర్లా పెట్టి, ఆ మూల నుంచి రెండు త్రిభుజాల మధ్య సందు దాకా గీత గీసి, మళ్ళీ రెండు పక్కలా కుట్టి, గీత మీద కోసెయ్యండి. నాలుగు గీస్ వచ్చాయి, బట్ట దాదాపు వృథా కాలేదు.

కుట్టు చివరి అర ఇంచులో జాగ్రత్త. అప్పటిదాకా గోడ వెంట బుద్ధిగా వచ్చిన బట్ట అక్కడ వేలు పట్టు వదలగానే పక్కకి తిరుగుతుంది, కుట్టు ఒక్కసారిగా అంచు వైపు జారిపోతుంది. వేలు సూది దాకా వెళ్ళకూడదు కాబట్టి దబ్బనం మొనతో ఆ కొసని ఫుట్ కిందికి వెళ్ళిపోయేదాకా నొక్కి పట్టుకోండి. గుండుసూదులు సన్నవి వాడండి, మిషను సూది దగ్గరికొచ్చేలోపు తీసెయ్యండి.

ఇస్త్రీ అంటే ఇక్కడ చీర మీద తోసినట్టు తొయ్యడం కాదు. పెట్టె ఎత్తాలి, పెట్టాలి, ఎత్తాలి. ముందు కుట్టు మూసి ఉండగానే ఒకసారి పెట్టె ఆనించండి, దారం బట్టలో సర్దుకుంటుంది, తర్వాత తెరిచి మంచి వైపు నుంచి నొక్కండి. ఆవిరి వద్దు, క్రాస్ అంచు ఆవిరికి ఇట్టే సాగుతుంది. వేడి తగ్గేదాకా ముక్కని కదపకండి.

చెక్కే పని దగ్గర నిదానంగా కూర్చోండి. ఒక్కో గీస్ రెండున్నర బై నాలుగున్నర ఉండాలి. పెద్ద త్రిభుజం కొస పై అంచుకి సరిగ్గా పావు ఇంచు కింద, పక్క అంచు నుంచి రెండుంపావు ఇంచుల దగ్గర ఉండాలి, కింద రెండు మూలల్లో ఐమూల కుట్లు సరిగ్గా ముక్క మూలలోకి వచ్చి ఆగాలి. స్కేలు మీద 45 డిగ్రీల గీతని కుట్టు మీద కూర్చోబెడితే ఇవన్నీ వాటంతటవే కుదురుతాయి. కొస పైన ఆ పావు ఇంచు ఎందుకంటే, పక్క ముక్కతో కలిపినప్పుడు కుట్టు అందులోంచే పోతుంది. అది చెక్కేశారా, మొన పోయినట్టే.

కలిపేటప్పుడు గీస్ ముక్క పైకి, మధ్య చదరం కిందికి పెట్టండి. గీస్ వెనక వైపు రెండు కుట్లు ఒకదాన్నొకటి దాటుతూ ఇంటూ గుర్తులా కనపడతాయి చూడండి, సూది ఆ ఇంటూ గుర్తుకి ఒక్క పోగు బయటగా, అంటే అంచు వైపుగా పోవాలి. ఇంటూ లోపలికి పోతే మొన తెగుతుంది, మరీ బయటికి పోతే మొన కుట్టుకి అందక గాల్లో తేలినట్టుంటుంది. గోడ ఒకటి చెప్తూ ఇంటూ గుర్తు ఇంకోటి చెప్తే ఆ చోట ఇంటూ గుర్తు మాటే వినండి.

మధ్య వరసలో కుట్లని మధ్య చదరం వైపు పడుకోబెట్టి ఇస్త్రీ చెయ్యండి, పై వరస కింది వరసల్లో మూల చదరాల వైపు. అప్పుడు వరసలు కలిపేచోట ఒక కుట్టు ఇటు, ఇంకోటి అటు వాలి ఒకదానికొకటి ఆనుకుంటాయి, వేళ్ళ మధ్య పెట్టి రాస్తే మిట్టా పల్లం తెలియకూడదు. అక్కడ గుండుసూది పెట్టి కుట్టండి.

ప్రతి మెట్టులోనూ కొలవండి. పై వరస రెండున్నర బై ఎనిమిదిన్నర, మధ్య వరస నాలుగున్నర బై ఎనిమిదిన్నర, వస్తేనే ముందుకు. బ్లాకు 8 3/8 వచ్చిందనుకోండి, కుట్టు విప్పేముందు మళ్ళీ ఇస్త్రీ పెట్టి చూడండి, చాలాసార్లు కుట్టు దగ్గర బట్ట పూర్తిగా తెరుచుకోక చిన్న మడత మిగిలిపోయి ఉంటుంది. అది కాకపోతే వరసలు విడిగా కొలిచి ఏ కుట్టు లావైందో పట్టుకుని ఆ ఒక్కటే విప్పండి. తడిపి లాగి సరిచెయ్యకండి, ఉతగ్గానే వెనక్కి పోతుంది. ఎనిమిదిన్నర కంటే పెద్దదొస్తే మాత్రం చుట్టూ చెక్కేద్దామని చాలామందికి చెయ్యి లేస్తుంది, ఆగండి, ఈ బ్లాకులో ఎనిమిది మొనలూ బయటి అంచు నుంచి పావు ఇంచు దూరంలోనే ఉంటాయి, అక్కడ చెక్కితే పక్క బ్లాకుతో కలిపినప్పుడు అవన్నీ కుట్టులో మునిగిపోతాయి.

ఈ వారం రెండు బ్లాకులు కుట్టండి, రెండోది రంగులు తిప్పి. రెండూ పక్కపక్కన పెట్టి అంచులు కలుస్తున్నాయో లేదో చూసి, తేడా ఉంటే ఎక్కడుందో బ్లాకు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో బ్లాకుల మధ్య పట్టీలు వేసి వరసలు కలపడం చూద్దాం, ఆ గుర్తులు అప్పుడు కావాలి.